మా అన్న చెయ్యి పట్టుకునే తీరు

పెళ్ళైన కొత్తలో మొగుడి బండి వెనక కూర్చుని పుట్టింటికి పోవడం ఒక పండుగ. పండుగని పైకి అనకూడదు, ఎందుకంటే మేం పోతున్నది పని మీద. అమ్మకు కర్నూలులో కంటి ఆపరేషను. నాన్న తోడు పోవాలి. ఇటిక్యాల దగ్గర మా చేనులో పత్తి క్రాసింగ్ జోరుగా నడుస్తోంది, ఒక్క పూట ఆపినా విచ్చుకున్న పువ్వు మన కోసం ఆగదు. కూలీల దగ్గర ఇంటి మనిషి ఒకరు ఉండాలి. "మేమొస్తం" అని ఫోనులో ఎగిరి గంతేసినంత పని చేశాను. మా ఆయన ప్రశాంత్ వనపర్తిలో కరెంటు లైన్‌మన్. అడగ్గానే సెలవు పెట్టాడు. నాకు అదీ పండుగే.

పెబ్బేరులో మిరపకాయ బజ్జీలు తిన్నాం. ప్రశాంత్ బజ్జీలోంచి మిరపకాయ లాగి నా పొట్లంలో వేసి, ఉత్త పిండి తాను తిన్నాడు. స్తంభాలెక్కే మనిషికి కారమంటే భయం! బీచుపల్లి వంతెన కింద కృష్ణ నిండుగా పారుతోంది. "జర మెల్లగ పోనీ" అని వీపు మీద తట్టాను. నది గాలికి నా కొంగు ఎగిరి ఆయన హెల్మెట్‌ను కప్పేసింది. "ఏం కనపడ్తలేదే, ఇద్దరం నీళ్లల్ల పడ్తం!" అని అరిచాడు. ఆ అరుపు కూడా నాకు ముద్దుగానే వినిపించింది. డిగ్రీ చదివాను, గ్రూపు పరీక్షలకు తయారవుతున్నాను, అయినా పెళ్ళైన ఈ నెల రోజుల నుంచి నా బుద్ధి ఇట్లాగే ఉంది.

ఇంత సంబరంలోనూ ఒక్క సంగతి మా ఇద్దరి మధ్య ఎవరూ తాకకుండా పడి ఉంది. అది మా అన్న నిరంజన్ సంగతి.

అన్న నాకంటే ఐదేళ్లు పెద్ద. పుట్టగానే ఏడవలేదట. నడక ఆలస్యం, మాట ఆలస్యం. ఇప్పుడు మనిషి నాన్నంత ఎత్తు, నాన్నకు రెండింతలు లావు. బుద్ధి మాత్రం మూడు నాలుగేళ్ల పిల్లవాడి దగ్గర ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. అది పూర్తిగా నిజం కాదని నేనంటాను. మూడేళ్ల పిల్లవాడికి బెల్లం డబ్బా మూత చప్పుడు కాకుండా తీయడం వస్తుందా? నీళ్లు తోడమనగానే కళ్లు మూసుకుని గురక పెట్టడం వస్తుందా?

పెళ్ళిచూపుల రోజు అన్నను వడ్డేపల్లిలో మా చిన్నమ్మ ఇంటికి పంపేశారు. నాకది నచ్చలేదు. అందుకే ప్రశాంత్‌తో మాట్లాడుకోమని మమ్మల్ని మిద్దె మీదికి పంపగానే మొదట ఆ ముచ్చటే ఎత్తాను. "మాకొక అన్న ఉన్నడు. బుద్ధి ఎదగలేదు. అమ్మానాయినల తర్వాత నాకాడనే ఉంటడు. అది ఒప్పుకుంటెనే మిగిలిన మాట" అన్నాను. ప్రశాంత్ కొంచెం కూడా ఆలోచించలేదు. "గంతేనా? ఉంటే ఉండనీ" అన్నాడు. నేను పడిపోయింది ఆ మాటకే. మీసం, ఉద్యోగం ఆ తర్వాత.

అన్నను ఆయన మొదట చూసింది పెళ్ళి పందిట్లో. తలంబ్రాలప్పుడు అన్న సంతోషం పట్టలేక "బావా!" అని కేక పెట్టి పీటల మీదికి ఉరికాడు. ప్రశాంత్ ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. తలంబ్రాల పళ్ళెం బోర్లాపడింది. పందిరంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆయన మెడ మీద పట్టిన చెమట నాకు కనిపించింది. ఆ తర్వాత ఈ నెల రోజుల్లో అమ్మ ఎట్లున్నది, నాన్న ఎట్లున్నడు, బర్రె ఈనిందా అని అన్నీ అడిగాడు. అన్న ఎట్లున్నడని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

మేం ఇల్లు చేరేసరికి నాన్నా అన్నా కూలీలతో చేనులో ఉన్నారు. ప్రశాంత్ కాళ్లు కడుక్కుని, అమ్మ వేసిన పీట మీద కూర్చుని, జొన్నరొట్టె తుంచి పచ్చిపులుసులో ముంచుతున్నాడు. అమ్మ పేరు భీమమ్మ. పేరుకు తగ్గట్టే గట్టి మనిషి, అల్లుడి ముందు మాత్రం గొంతు సగమవుతుంది. "ఇంకో రొట్టె పెట్టుకోండ్రి అల్లుడు, మొహమాటపడకుండ్రి" అంటోంది. అంతలో దర్వాజ దగ్గర "బావా! బావా!" అని కేక. అన్న ఒళ్లంతా మట్టితో, నోరంతా నవ్వుతో ఉరికొచ్చి ధబేలుమని ప్రశాంత్ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

ప్రశాంత్ చెయ్యి గుంజుకున్నాడు. అన్న అది ఆట అనుకుని ఇంకా గట్టిగా పట్టుకుని కిలకిలా నవ్వాడు. పళ్ళెం తిరగబడింది, పులుసు నేల మీద పారింది. ప్రశాంత్ ఎట్లాగో విడిపించుకుని, ఏదో గొణిగి, లోపలి అర్రలోకి పోయి తలుపేసుకున్నాడు. గొళ్ళెం పడిన చప్పుడు మా ముగ్గురికీ వినిపించింది.

అన్న నా వైపు చూశాడు. "బావ నిద్ర?" అన్నాడు.

"ఆఁ, నిద్రొచ్చిందట" అన్నాను.

అమ్మ గుడ్డ తెచ్చి పులుసు తుడుస్తూ, తలెత్తకుండానే అంది. "కురుమయ్య ఆటోకు చెప్పిన. రేపు మేము తెల్లారంగనే బస్సుకు పోతం. మధ్యాన్నం క్రాసింగ్ కాంగనే వాన్ని ఆటోల వడ్డేపల్లికి తోలియ్యి."

"అమ్మా! ఇది వాని ఇల్లు."

"అల్లునిది గుడ ఇల్లే బిడ్డా. కొత్తల్లుడు. పెండ్లిల నేను చూడలేదనుకున్నవా? ఈ ఒక్కసారికే కాదు, మీరొచ్చినప్పుడల్లా గట్లనే చేద్దాం."

"వడ్డేపల్లిల వాడు తిండి తినడు. గేటు పట్టుకొని నిలబడ్తడు. నీకు తెల్వదా?"

"తెల్సు." అమ్మ గుడ్డ పిండింది. "ముందుముందు నీకాడనే ఉంటడనుకున్న. గట్ల కాదని తెలిస్తే, నా చేతులు కాళ్లు ఆడేటప్పుడే చిన్నమ్మతోని మాట్లాడుకోవాలె గద. నీ కాపురంల మన్ను వోసుకోకు."

అమ్మ కోపంగా అని ఉంటే బాగుండేది. తిరిగి అరిచేదాన్ని. పప్పులో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఎండ తగ్గాక ప్రశాంత్‌ను చేనుకు తీసుకుపోయాను. గట్టు మీదికి చేరాక అడిగేశాను.

"నువ్వు మాటిచ్చినవ్."

"ఇచ్చిన." ఆయన గడ్డిపరక తెంపాడు. "అప్పుడు ఆయన్ని చూడలే, వాణీ."

"మా అన్న నిన్నేం చేసిండు?"

"ఏం చేయలే. నాకే భయమైతది."

"పదకొండు వేల వోల్టుల తీగ ముట్టెటోనివి!"

"కరెంటుకు ఒక పద్ధతుంటది. లైన్ క్లియర్ తీసుకొని, కరెంటు బందయినంక ముడ్తం. ఏడ ముట్టొద్దో తెలుసు, ఎంత దూరం ఉండాల్నో తెలుసు. మీ అన్న ఎప్పుడేం చేస్తడో నాకు తెల్వదు." నవ్వబోయి నవ్వలేక చెప్పాడు. "మా వాడకట్టుల బక్కయ్య అని ఒకాయన ఉండె. మీ అన్న లెక్కనే. నేను అన్నం తినకుంటే మా నాయినమ్మ 'తింటవా, బక్కయ్యకు పట్టియ్యాల్నా' అంటుండె. వాడకట్టుల అందరి అమ్మలు అదే మాట. ఒకనాడు మా చిన్నాయినలు ముచ్చటకని నన్ను నిజంగనే తీస్కపోయి ఆయన చేతులల్ల పెట్టిండ్రు. నేను కాళ్లు చేతులు కొట్టుకుంటున్న, ఆయన వదులుతలేడు. గట్టిగ, గింత గట్టిగ పట్టుకున్నడు. లాగు తడిసిపోయింది. అందరు నవ్విండ్రు. మీ అన్న చెయ్యి పట్టుకుంటే నాకు ఆ పట్టే యాదికొస్తది."

నేను తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ముప్పై ఏళ్ల మగమనిషి, పైగా నా మొగుడు, ఆ క్షణాన లాగు తడుపుకున్న పిల్లవాడిలా కనిపించాడు. ముద్దొచ్చాడు కూడా. చుట్టూ కూలీ ఆడవాళ్లున్నారు కాబట్టి ఊరుకున్నాను.

"అయితే మా అన్న పద్ధతి చెప్త, విను" అన్నాను. "చిన్నప్పుడు కాల్వ గట్టు మీద పోయేటప్పుడు పడ్తడని అమ్మ ఎప్పుడు 'చెయ్యి పట్టుకో' అంటుండె. వానికి ఇష్టమైనోళ్లు కనపడితే చెయ్యి పట్టుకుంటడు. గంతే. వదులు అంటే తెల్వదు, 'మెల్లగ' అంటే తెలుస్తది. అరచెయ్యి చూపించి 'మెల్లగ' అను. నువ్వు గుంజుకుంటే ఆట అనుకుంటడు. చెవులు ముడితే మాత్రం వానికి కోపం."

"చెవులు ముట్టొద్దు" అని ఆయన బుద్ధిగా తలూపాడు. "కొడ్తడా?"

"నన్ను కొట్టిండు, చిన్నప్పుడు. వాని బెల్లం నేను తింటే. నేను గుడ కొట్టిన."

ఆ మాటకు మాత్రం నవ్వాడు.

మా చేనులో మధ్యాహ్నం పని చూడాలి. విత్తనాల పత్తి ఇది. మర్నాడు విచ్చుకోబోయే ఆడ చెట్ల మొగ్గలను కూలీలు వేళ్లతో వలుస్తారు. రేకులూ పుప్పొడీ తీసేసి, నడుమ ఉన్న సన్నని కాడను మాత్రం ఉంచుతారు. వలిచిన ప్రతి మొగ్గ దగ్గరా ఎర్ర కాగితం ముక్క ఒకటి పెడతారు. మర్నాడు పొద్దున మగ చెట్ల పువ్వులు తెంపుకొచ్చి, ఎర్ర కాగితం కనిపించిన చోటల్లా ఆ కాడకు పుప్పొడి రాసి, కాగితం తీసేస్తారు. దాన్నే క్రాసింగ్ అంటారు. అన్నకు ఇందులో నచ్చింది ఎర్ర కాగితాలు. వాటి సంచి మెడలో వేసుకుని సాళ్ల మధ్య తిరుగుతూ, అడిగినవాళ్లకు అడిగినన్ని ఇస్తాడు. అడగని వాళ్లకూ ఇస్తాడు.

ఆ పూట మమ్మల్ని చూడగానే సాలు దాటి వచ్చాడు. ప్రశాంత్ బిగుసుకుపోయాడు. అరచెయ్యి చూపడం మరిచిపోయి, కరెంటు తీగ పక్కన నిలబడ్డట్టు చేతులు ఒంటికి అంటించుకుని నిలబడ్డాడు. అన్న ఆయన చొక్కాను పైనుంచి కిందికి చూశాడు, సంచిలోంచి ఒక ఎర్ర కాగితం తీశాడు, గుండీ కాజాలో జాగ్రత్తగా దోపాడు. పనైపోయినట్టు వెళ్లిపోయాడు.

"ఏందిది?" అన్నాడు ప్రశాంత్, ఊపిరి వదిలి.

జవాబు ఏసమ్మ చెప్పింది. ఏసమ్మ మా కూలీల్లో పెద్దది, పుట్టిల్లు రాయచూరు దిక్కు. "ఏముంది అల్లుడా, నిన్ను రేపటికి గుర్తు పెట్టుకున్నడు. ఎర్ర కాయితం పెట్టినంక మావోడు మర్చిపోడు!"

మర్నాడు తెల్లవారుజామున అమ్మానాన్నలు కర్నూలు బస్సెక్కారు. అమ్మ పోతూ పోతూ అన్న బట్టలు మడిచి సంచిలో పెట్టి, దర్వాజ పక్కన ఉంచింది. "మధ్యాన్నం ఆటో. మర్చిపోకు" అని మళ్లీ చెప్పింది. ప్రశాంత్ విన్నాడు. సంచి వైపు చూశాడు.

పొద్దెక్కాక నేనూ అన్నా కూలీలతో చేనుకు పోయాం. మగ పువ్వుల గంప నింపారు, క్రాసింగ్ మొదలైంది. కాసేపటికి సద్ది పట్టుకుని ప్రశాంత్ బండి మీద వచ్చాడు. మా ఆయన ఇంటి నుంచి చేను దాకా ఉన్న కొద్దిపాటి దూరానికైనా హెల్మెట్ లేనిదే బండెక్కడు. నల్లటి హెల్మెట్, నల్లటి అద్దం. బండి ఆపి, ఒక చేత టిఫిను డబ్బా, ఒక చేత నీళ్ల డబ్బా పట్టుకుని, హెల్మెట్ తీయకుండానే గట్టు దిగాడు.

అన్న తలెత్తి చూశాడు.

అట్లాంటి కేక నేను చాలా ఏళ్లుగా వినలేదు. చేతిలోని పువ్వులు జారవిడిచి, చెట్లను తొక్కుకుంటూ, పడి లేస్తూ పరుగెత్తి, నీళ్ల డ్రమ్ము వెనక ముడుచుకుని కూర్చున్నాడు. మొహం చేతులతో కప్పుకున్నాడు.

"ఏమైంది? పామా?" అంటూ ప్రశాంత్ డబ్బాలు పడేసి అటే ఉరికాడు. హెల్మెట్ లోపల ఆయన గొంతు బుర్రుమంటోంది. అన్న ఇంకా గట్టిగా అరిచాడు. "మొఖం లే! మొఖం లే!"

"ఆగు!" అన్నాను నేను. "ఆడనే ఆగు. నిన్ను చూసే."

"నన్నా?" ప్రశాంత్ నిజంగా వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఏసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మొఖం కనపడ్తలేదు నీది. నిన్న వచ్చినప్పుడు వాడు చేన్ల ఉండె, హెల్మెట్‌ల నిన్ను ఎన్నడు చూడలే."

ప్రశాంత్ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. మొహమంతా చెమట. డ్రమ్ము వెనక మా అన్న లావుపాటి వీపు వణుకుతూ కనిపిస్తోంది.

"నేనేం చేసిన, వాణీ? ఉత్తగ వచ్చిన గద. సద్ది తెచ్చిన గద" అన్నాడు.

ఆయన మాట ఆయనకే వినిపించినట్టుంది. మెల్లగా, డ్రమ్ముకు కొంచెం దూరంలో, మట్టిలో చతికిలబడ్డాడు. ఇస్త్రీ ప్యాంటు అది. హెల్మెట్‌ను ముందు పెట్టుకున్నాడు.

"బావా" అని పిలిచాడు. అన్నను ఆయన ఆ వరసతో పిలవడం అదే మొదలు. "ఇగో, చూడు. లోపల ఏం లేదు. ఉత్త డొల్ల."

అన్న వేళ్ల సందుల్లోంచి చూశాడు. ప్రశాంత్ హెల్మెట్‌లో చెయ్యి దూర్చి, అద్దం ఎత్తి, ముందు వైపు నుంచి వేళ్లు ఆడించాడు. మళ్లీ అద్దం వేశాడు. మళ్లీ ఎత్తి, ఈసారి రెండు వేళ్లను కుందేలు చెవుల్లా పెట్టాడు. డ్రమ్ము వెనక చిన్నగా కిచకిచ నవ్వు మొదలైంది.

"మల్ల" అన్నాడు అన్న.

"మల్లనా? చూడు మల్ల."

ఆ ఆట ఎంతసేపు సాగిందో నేను చూడలేదు, ఎందుకంటే నా కళ్లు మసకబారాయి, ఏసమ్మ "పువ్వు వాడిపోతుంది, పనికి నడువుండ్రే" అని అందరినీ అదిలించింది. మళ్లీ చూసేసరికి అన్న లేచాడు. అన్నకు సంతోషమైతే నడక రాదు, ఉరుకుడే. ఉరికాడు. ప్రశాంత్ భుజాలు బిగుసుకోవడం నాకు ఇంత దూరానికి కనిపించింది. కానీ ఈసారి అరచెయ్యి పైకి లేచింది.

"మెల్లగ, బావా. మెల్లగ."

అన్న ఆగాడు. పక్కన కూర్చున్నాడు. మణికట్టు పట్టుకున్నాడు, మెల్లగా. ప్రశాంత్ చెయ్యి వణుకుతోంది, కానీ లాక్కోలేదు. అన్న ఆ చేతిని చూశాడు, ప్రశాంత్ మొహం చూశాడు.

"సలి?" అని అడిగాడు.

మాడు పగిలే ఎండ. మా అన్న రెండు చేతులతోనూ ఆయన చేతిని రుద్దడం మొదలుపెట్టాడు, చలికాలం పొద్దున అమ్మ తనకు రుద్దినట్టు. ప్రశాంత్ నా వైపు చూసి, తల పక్కకు తిప్పుకున్నాడు.

అంతలో అన్న కంటికి చొక్కా కాజాలోని ఎర్ర కాగితం కనిపించింది. నిన్నటి చొక్కానే పనికని మళ్లీ వేసుకొచ్చాడు మా ఆయన, కాగితం సంగతి మరిచిపోయాడు. అన్న చటుక్కున లేచి గంప దగ్గరికి పరుగెత్తి, మగ పువ్వు ఒకటి ఏరి తెచ్చి, ఎర్ర కాగితం పక్కన చొక్కా మీద శ్రద్ధగా, చుట్టూ తిప్పి తిప్పి రాశాడు. పసుపుపచ్చటి పుప్పొడి తెల్ల చొక్కాకు అంటుకుంది. కాగితం పీకి నేల మీద పడేశాడు. పని పూర్తి.

చేనంతా ఒక్కసారిగా గొల్లుమంది.

"ఓ శ్రీవాణీ! నీ మొగనికి క్రాసింగైపాయె!" ఏసమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇగ కాయ నిలుస్తది చూస్కో!"

"కాయ అల్లునికి నిలిస్తే ఎట్లనే, పిల్లకు నిలవాలె గని!" అని ఇంకొకతె.

"దానికి మన నిరంజనెందుకు, అల్లుడే చూస్కుంటడు తియ్యి!"

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏసమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుని "సాకు, సాకు" అని తన పుట్టింటి మాటలో చాలు చాలని మొత్తుకుంది. ప్రశాంత్ చెవులు ఎర్రబడ్డాయి. నవ్వాడు, మా పెళ్ళి ఫొటోల్లో ఎక్కడా లేని నవ్వు. అందరూ నవ్వుతున్నారని అన్న అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి నవ్వాడు.

పొద్దుటి పని ముగించి ఇంటికి వచ్చేటప్పుడు అన్న ముందు నడిచాడు, హెల్మెట్‌ను గంపలా చంకన పెట్టుకుని. దాంట్లో కొన్ని మగ పువ్వులు, ఒక రాయి. ప్రశాంత్ బండిని నెట్టుకుంటూ నా పక్కన నడిచాడు.

"బక్కయ్య గుడ ఏడ్చిండు, వాణీ" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎప్పుడు?"

"ఆనాడే. నన్ను చేతులల్ల పెట్టినప్పుడు. నా ఏడుపు అందరికి చెప్పిన గని, ఆయన ఏడుపు ఎవ్వరికి చెప్పలే. ఇయాల మీ అన్న డ్రమ్మెనక కూసుంటే యాదికొచ్చింది. అందరు చుట్టు నిలబడి నవ్వుతున్నరు, నేను కొట్టుకుంటున్న... పిల్లగాడు కింద పడ్తడనే గట్టిగ పట్టుకున్నడేమో."

"ఇప్పుడు ఏడున్నడాయన?"

"తెల్వదు. నేనెన్నడు అడగలే." కొంచెం దూరం నడిచాక అన్నాడు. "వనపర్తికి పోయినంక అడగాలె."

ఇల్లు చేరగానే దర్వాజ పక్కన సంచి కనిపించింది. అన్నకూ కనిపించింది. నవ్వు ఆగిపోయింది. హెల్మెట్ కింద పెట్టి, వంటింట్లోకి పోయి, గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఆ సంచి అంటే ఏమిటో వాడికి బాగా తెలుసు.

నేను ప్రశాంత్‌ను పెరట్లోకి పిలిచాను. "చూడు, నీకు బలవంతం లేదు. భయం ఒక్కనాటికి పోదు, నాకు తెలుసు. నీతోని కాదంటే చెప్పు, అమ్మ చెప్పినట్టే చేద్దాం. నిన్నేమనను" అన్నాను. అనడమైతే అన్నాను కానీ, నా గుండె ఆ గుంజనే పట్టుకుని ఉంది. ఈ ఒక్క పూట సంగతి కాదిది. ఇయాల అన్న ఆటో ఎక్కితే, రేపు మేం వచ్చిన ప్రతిసారీ ఎక్కుతాడు. ఆ తర్వాత ఒకనాడు ఎక్కి, ఇక తిరిగి రాడు.

"భయముంది" అన్నాడు ప్రశాంత్.

"మరి?"

"భయం నాది గద. ఆటో ఆయనెందుకెక్కాలె?"

బయట హారన్ మోగింది. నేను కదిలేలోపే ప్రశాంత్ వాకిట్లోకి పోయాడు. దర్వాజ దగ్గర నిలబడి విన్నాను.

"ఎక్కియ్యుండ్రి, జల్ది" అంటున్నాడు కురుమయ్య. "నాకు ఇంకో కిరాయి ఉంది."

"ఎవ్వరు వస్తలేరన్నా."

"అదేంది? భీమమ్మ చెప్పె గద."

"ఇప్పుడు నేను చెప్తున్న గద."

"నువ్వెవరు?"

"ఈ ఇంటి కొత్తల్లున్ని. ఈ ఏడాదన్న నా మాట చెల్లనియ్యవా?"

కురుమయ్య ఎగాదిగా చూశాడు. చొక్కా మీది పచ్చ మరక మీద చూపు ఆగింది. "నీకు గుడ క్రాసింగ్ చేసిండ్రా ఏంది?" అన్నాడు. తనే నవ్వి, "సరే, ఉత్తగ రప్పిచ్చిండ్రు, జర చాయన్న పోయ్యుండ్రి" అని ఆటో ఆపాడు. చాయ పోశాను. తాగి, ఖాళీ ఆటోతో వెళ్లిపోయాడు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా అన్న గుంజ వదల్లేదు.

ప్రశాంత్ ఆ సంచి తీసుకుని, బట్టలు ఒక్కొక్కటే తీసి, దండెం మీద వేశాడు. ఎట్లా వేయాలో తెలియక మడతలన్నీ విప్పేశాడు. అన్న వచ్చి చూశాడు. తన నీలం చొక్కా చివరికి దండెం మీదికి చేరాక, గట్టిగా ఊపిరి వదిలి, "అన్నం" అన్నాడు.

అమ్మ ఫోను అప్పుడే వచ్చింది. పరీక్షలన్నీ అయ్యాయట, ఆపరేషన్ రేపట. "వాడు వడ్డేపల్లి చేరిండా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు ప్రశాంత్ ఫోను తీసుకున్నాడు.

"లేదత్తా, ఇంట్లనే ఉన్నడు... ఆఁ, నేనే వద్దన్న... లేదు, లేదు, నాకేం తిప్పల లేదు. జర భయమైతె ఉంది. ఉన్నా ఏం కాదు. మీరు కన్ను చూయించుకోండ్రి, గుంజ పట్టుకొని నిలబడెటోళ్లు ఎవ్వరు లేరీడ."

అవతల అమ్మ ఏమందో నాకు వినిపించలేదు. ప్రశాంత్ మాత్రం "గట్లనే అత్తా, గట్లనే" అని, మళ్లీ మళ్లీ "గట్లనే" అని ఫోను పెట్టేశాడు.

నేను పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొట్టడం మొదలుపెట్టాను. ఎదురుగా ఇద్దరూ పీటల మీద. అన్న ఎడమ చేత్తో బావ మణికట్టు పట్టుకున్నాడు, కుడి చేత్తో తింటున్నాడు. బావ కూడా తినడానికి మిగిలిన ఒక్క చేత్తోనే తిప్పలు పడుతున్నాడు. వణుకు కనిపించలేదు. ఉన్నా, నాకు తెలియనంత చిన్నది.

"వాణీ" అన్నాడు ప్రశాంత్, రొట్టె నములుతూ. "మన ఇంటెనక పిండిగిర్ని ఉంది గద. ఆ చప్పుడు బావకు పడ్తదా?"

నా చెయ్యి ఆగింది. "మొదట్ల చెవులు మూసుకుంటడు. తర్వాత అలవాటైతది."

"బాత్రూంల గొళ్ళెం లోపల్నించి పెట్టుకుంటే, తీసుకోనొస్తదా?"

"రాదు. గొళ్ళెం తీసేయాలె."

"తీసేద్దాం. అయితే మనం పాట పాడుకుంట పోవాలె, లోపలున్నమని తెలియనికి." కొంచెం ఆలోచించాడు. "కిటికీ కాడి మంచం ఆయనకిస్తే? బయటికి చూస్కుంట ఉంటడు. మనం నడిమి అర్రల పడుకుందాం."

వనపర్తిలోని మా చిన్న ఇల్లు నా కళ్ల ముందే మెల్లగా సర్దుకుంటోంది. కిటికీ దగ్గర ఒక మంచం, గొళ్ళెం లేని ఒక తలుపు, పొద్దునే స్నానాల గదిలోంచి మా ఆయన పాడే శ్రుతి లేని పాట. ఇన్నాళ్లూ "ఉంటే ఉండనీ" అన్న మాటకు ఒక గోడ గానీ ఒక మూల గానీ లేకపోయె. ఇప్పుడు దానికి మంచం ఎటు వేయాలో కూడా తెలుసు. నేను నోరు తెరుచుకుని ఆయన మొహమే చూస్తున్నాను.

"మాడింది" అన్నాడు అన్న.

పెంక మీంచి పొగ లేస్తోంది. గబుక్కున తిప్పాను. రొట్టె ఒక పక్క బొగ్గయింది.

"మాడింది నాకెయ్యి" అన్నాడు ప్రశాంత్, పళ్ళెం చాపుతూ.

"వద్దు, నాకు" అన్నాడు మా అన్న, తన పళ్ళెం ఇంకా ముందుకు చాపుతూ.

దాన్ని రెండు ముక్కలు చేశాను.